మంచులో విమానం టాక్సీ చెయ్యడం ఎలా: ఉత్తరానికి కొత్తగా వచ్చిన మన పైలట్ల కోసం

ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో అరిజోనాలోనో ట్రైనింగ్ పూర్తి చేసుకుని, గంటలు పెంచుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్ జాబ్ దొరికిందనో కార్గోలో ఛాన్స్ వచ్చిందనో మిన్నెసోటా, నార్త్ డకోటా, మిషిగన్ వైపు వచ్చే మన తెలుగు పిల్లలు ఉంటారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నాను. విజయవాడలోనో వరంగల్‌లోనో పెరిగిన మనకి చలికాలం అంటే స్వెట్టర్ వేసుకునేంత చలి, అంతే. మొదటి స్నో సీజన్ రాగానే అందరూ భయపడేది రెండిటికే, ఒకటి ఐస్ రన్‌వే మీద ల్యాండింగ్, రెండోది మేఘాల్లో రెక్కలకి ఐస్ పట్టడం. ఆ భయం కరెక్టే, ఉండాలి కూడా. కానీ టాక్సీ, అంటే విమానాన్ని నేల మీద నడుపుకుంటూ వెళ్ళడం, దగ్గరికొచ్చేసరికి నేల మీదే కదా, మెల్లగానే కదా అని వదిలేస్తారు. ప్రాపెల్లర్ మంచుగడ్డకి తగలడం, రెక్క చివర స్నో గుట్టని గీరుకోవడం, టాక్సీవే, అంటే రన్‌వేకి వెళ్ళే దారి, అంచు దిగి మెత్తటి మంచులో కూరుకుపోవడం, ఇవన్నీ నేల మీదే జరిగేవి. ప్రాప్ గట్టిదానికి తగిలిందంటే ఇంజిన్ విప్పి లోపల చూడాల్సిందే, అంటే మీ స్కూల్‌లో ఒక విమానం వారాల తరబడి మూలన పడుతుంది.

నేను ఎక్కువగా సెస్నా 172 ని దృష్టిలో పెట్టుకుని చెప్తాను, ఎందుకంటే మొదటి చలికాలం మీలో చాలామంది నడిపేది అదే. జెట్లకి తేడా ఉన్న చోట మధ్యలో చెప్తాను. మీ విమానం హ్యాండ్‌బుక్కూ మీ కంపెనీ రూల్సూ వేరేగా చెప్తే వాటి మాటే ఫైనల్.

మొత్తానికి పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే, బ్రేకులు లేవనుకుని టాక్సీ ప్లాన్ చెయ్యండి. బ్రేక్ పనిచేస్తే సంతోషం, పనిచెయ్యకపోయినా ఏమీ కాకూడదు. కింద చెప్పేవన్నీ దీంట్లోంచి వచ్చినవే.

ఇంట్లోంచి బయల్దేరకముందు

వెదర్ చూసినట్టే ఎయిర్‌పోర్ట్ నేల ఎలా ఉందో కూడా చూడాలి. అమెరికాలో ఫీల్డ్ కండిషన్ నోటమ్స్, అంటే నేల ఎలా ఉందో పైలట్లకి తెలిపే నోటీసులు, వస్తాయి, వాటిలో రన్‌వేని మూడు ముక్కలుగా చేసి ఒక్కో ముక్కకి 0 నుంచి 6 దాకా ఒక కోడ్ ఇస్తారు. 6 అంటే పొడి. 5 అంటే మామూలు తడి, లేదా నూగు మంచు, లేదా అంగుళంలో ఎనిమిదో వంతు మించని పలచటి స్నో, స్లష్, అంటే నీళ్ళు కలిసిన మెత్తటి మంచు. అంతకంటే మందంగా స్నో ఉంటే 3, అంతకంటే మందంగా స్లష్ కానీ నీళ్ళు కానీ నిలిస్తే 2, ఐస్ అయితే 1. తడి ఐస్, ఐస్ మీద స్నో, ఐస్ మీద స్లష్ ఇలాంటివి 0, అంటే అక్కడ పట్టు అనేదే లేదు, ఆ రన్‌వే మూసేస్తారు. ఈ పద్ధతి 2016 అక్టోబర్ 1 న మొదలైంది, దీని వెనక ఒక బాధాకరమైన సంఘటన ఉంది. 2005 డిసెంబర్ 8 రాత్రి చికాగో మిడ్‌వేలో మంచు కురుస్తుండగా దిగిన ఒక 737 రన్‌వే చివర్లో ఆగలేక కంచె దాటి రోడ్డు మీదకి వెళ్ళి ఒక కారుని గుద్దింది, కారులో ఉన్న ఆరేళ్ళ పిల్లాడు చనిపోయాడు. రన్‌వే ఎంత జారుతోందో పైలట్‌కి సరిగ్గా చెప్పే పద్ధతి కావాలని ఆ తర్వాత గట్టిగా పట్టుకుని చేసిన పని ఇది. ప్రపంచమంతటికీ అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో ఇలాంటి పద్ధతినే 2021 నవంబర్ 4 నుంచి తెచ్చింది కాబట్టి రేపు మీరు ఇండియా వెళ్ళి శ్రీనగర్‌కో లేహ్‌కో ఎగిరినా ఈ నంబర్లు పనికొస్తాయి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి చెప్తాను. ఆ నంబర్లు రన్‌వేకి మాత్రమే. టాక్సీవేలకీ, విమానాలు పార్క్ చేసే ర్యాంప్‌కీ నంబర్ ఉండదు, మీద ఏం పేరుకుందో ఎంత మందాన ఉందో మాటల్లో చెప్తారు అంతే. పైగా ప్లౌలు, అంటే మంచు తోసే బండ్లు, ముందు మెయిన్ రన్‌వే, తర్వాత దానికి వెళ్ళే మెయిన్ టాక్సీవేలు శుభ్రం చేస్తాయి, చిన్న విమానాలు పార్క్ చేసే ర్యాంప్‌కి చివర్లో గానీ రావు. అంటే ఏటిస్‌లో, ఎయిర్‌పోర్ట్ రేడియోలో వినిపించే రికార్డెడ్ సమాచారంలో, రన్‌వే 5, 5, 5 అని విని ఆహా బాగుంది అనుకుని బయల్దేరితే, మీరు మొట్టమొదట కదిలే చోటే ఆ ఎయిర్‌పోర్ట్ మొత్తంలో ఎక్కువ జారే చోటు అయ్యుండొచ్చు.

ఉష్ణోగ్రత కూడా చూడండి. ఎంత చలిగా ఉంటే అంత జారుతుందని మన వాళ్ళు అనుకుంటారు, నిజానికి సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఐస్‌తోనే ప్రమాదం ఎక్కువ, పైన పలచగా నీటి పొర ఉంటుంది. బాగా గడ్డకట్టిన చలిలో టైరుకి కొంచెం నయంగా పట్టు దొరుకుతుంది. కోడ్ పట్టికలో కూడా గట్టిగా తొక్కుకుపోయిన స్నోకి మైనస్ 15 లేదా అంతకంటే చలిగా ఉంటే 4 ఇస్తారు, అంతకంటే వెచ్చగా ఉంటే 3 ఇస్తారు. కాబట్టి పగలు ఎండకి కరిగి సాయంత్రం మళ్ళీ గడ్డకట్టే రోజులున్నాయే, ఫిబ్రవరి చివర, మార్చి, వాటిని నేను జనవరి కంటే ఎక్కువ అనుమానిస్తాను. హ్యాంగర్‌కి ఉత్తరం పక్క నీడ ఉన్న చోట, హ్యాంగర్ కప్పు మీంచి నీళ్ళు కారే చోట, తారు నల్లగా తడిసినట్టు మామూలుగా కనిపిస్తుంది, కాలు పెడితే తెలుస్తుంది అది నీళ్ళు కాదు ఐస్ అని.

ఎయిర్‌పోర్ట్ డయాగ్రమ్ బయటికి తీసి ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళాలో వేలు పెట్టి చూసుకోండి. ఎన్ని మలుపులు, ఏ మలుపులో గాలి ఎటు నుంచి కొడుతుంది, రన్‌వేలు ఎక్కడ దాటాలి, ఎక్కడ ఇరుకు. అనుమానం ఉంటే ఎఫ్‌బీఓకి, అంటే ఎయిర్‌పోర్ట్‌లో చిన్న విమానాల పనులు చూసే కంపెనీకి, ఫోన్ చేసి "ర్యాంప్ ఎలా ఉంది, నార్త్ టాక్సీవే క్లీన్ చేశారా" అని అడగండి, వాళ్ళు విసుక్కోరు, చలికాలంలో అందరూ అడిగేదే. అప్పుడు కూడా నచ్చకపోతే వెళ్ళకండి.

విమానం చుట్టూ తిరిగేటప్పుడు

రెక్కల మీద, తోక మీద, ప్రాప్ మీద నూగు మంచు కూడా లేకుండా శుభ్రం చెయ్యాలన్నది మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు, దాంట్లోకి వెళ్ళను. టాక్సీ కోసం చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు టైర్లు. రాత్రి స్లష్‌లో పార్క్ చేస్తే పొద్దునకి టైరు నేలకి అతుక్కుపోయి ఉంటుంది. అలా అతుక్కున్న విమానాన్ని పవర్ పెట్టి ఊడబెరకాలని చూస్తే ఒక చక్రం ముందు ఊడి, ఇంకోటి ఊడక, విమానం గిర్రున తిరుగుతుంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగానే రెక్క స్ట్రట్ పట్టుకుని కాస్త ముందుకీ వెనక్కీ ఊపి మూడు చక్రాలూ కదులుతున్నాయని కళ్ళారా చూడండి. కదలకపోతే వెచ్చటి గాలి పెట్టించండి, లేదా హ్యాంగర్‌లోకి లాగించండి. వీల్ ప్యాంట్స్, అంటే చక్రాల మీది కవర్లు, ఉంటే చలికాలానికి తీసేయించడం మంచిది, వాటిలో స్లష్ దూరి గడ్డకడితే చక్రం పట్టేస్తుంది, ఆ సంగతి తెలిసేది దిగేటప్పుడు. బ్రేక్ డిస్క్ మీద ఐస్ ఉందేమో టార్చ్ వేసి చూడండి.

తర్వాత విమానం ముందున్న నేల చూడండి. 172 ప్రాప్ కొసకీ నేలకీ మధ్య ఉండేది దాదాపు 11 అంగుళాలే, ముందు స్ట్రట్ చలికి కుంగి ఉంటే ఇంకా తక్కువ. ముందు చక్రం దారిలో గడ్డకట్టిన గుంటలు, పాత టైరు జాడలు, ప్లౌ వదిలేసిన గడ్డలు ఉన్నాయేమో మీరే నడిచి చూడండి. నాచు పట్టిన కోనేటి మెట్ల మీద నడిచినట్టు పాదం మొత్తం ఆన్చి, చిన్న అడుగులు వేసి నడవండి. అలా నడవడానికే ఇబ్బందిగా ఉంటే అక్కడ విమానం స్టార్ట్ చెయ్యొద్దు, టో బార్‌తోనో టగ్‌తోనో శుభ్రంగా ఉన్న చోటికి లాగించుకుని అక్కడ స్టార్ట్ చేసుకోండి. ఇది నామోషీ పనేమీ కాదు, అనుభవం ఉన్నవాళ్ళు ముందు చేసేదే ఇది. లాగేటప్పుడు ప్రాప్ పట్టుకుని మాత్రం లాగకండి, కాలు జారితే మీద పడేది మీరే.

ఎక్కే ముందు బూట్లు దులుపుకోండి. చిన్న విషయంలా ఉంటుంది కానీ అడుగున అంటుకున్న స్నో పెడల్స్ మీదకి చేరి, ముందు కరిగి, తర్వాత జారుడుగా అయ్యి, సరిగ్గా రడ్డర్ అవసరమైనప్పుడు పాదం పక్కకి పోతుంది. మరీ లావు స్నో బూట్లతో బ్రేక్ ఎంత నొక్కుతున్నారో పాదానికి తెలియదు కూడా, పలచటి అడుగు ఉన్న బూట్లు బ్యాగ్‌లో పెట్టుకుని లోపల మార్చుకునేవాళ్ళు ఉన్నారు, నాకు ఆ అలవాటు నచ్చుతుంది. అద్దం మొత్తం క్లియర్ అయ్యాకే కదలండి, అరచేతంత కన్నం చేసుకుని అందులోంచి చూస్తూ టాక్సీ చెయ్యడం వద్దే వద్దు. హీటర్ వేసుకుంటారు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ పనిచేస్తోందో లేదో చూసుకోండి, ఈ విమానాల్లో క్యాబిన్ వేడి వచ్చేది ఎగ్జాస్ట్ చుట్టూ తిరిగిన గాలి నుంచే.

స్టార్ట్ చేసేటప్పుడు

పార్కింగ్ బ్రేక్ వేశాను కదా అన్న ధైర్యం ఐస్ మీద పనికిరాదు. చక్రం తిరగకుండా బ్రేక్ పట్టి ఉంచుతుంది, నిజమే, తిరగని చక్రం జారుతుందిగా. చలికి ఇంజిన్ అంటుకోగానే ఒక్కసారి ఆర్‌పీఎం ఎగదన్నుతుంది, ఆ క్షణంలోనే విమానం ముందుకి జరుగుతుంది. కాబట్టి థ్రాటిల్ కొంచెమే తెరిచి స్టార్ట్ చెయ్యండి, అంటుకోగానే చెయ్యి థ్రాటిల్ మీదే ఉండాలి, కళ్ళు బయటే ఉండాలి, గేజ్‌లు ఒక్క చూపు చూసి మళ్ళీ బయటికి. పక్కనున్న విమానం రెక్కనో దూరంగా ఉన్న స్తంభాన్నో గుర్తు పెట్టుకుంటే జరుగుతున్నామో లేదో వెంటనే తెలుస్తుంది. జరుగుతూ ఉండి ఆగకపోతే ఇంజిన్ ఆపడానికి మిక్చర్ లాగెయ్యండి, ఆలోచించొద్దు.

వెనక ఎవరున్నారో కూడా చూడండి. మీ ప్రాప్ గాలికి లేచిన పొడి స్నో వెనకున్న వాళ్ళ మొహాన కొడుతుంది, ఐస్ మీద నిలబడ్డ మనిషిని ఆ గాలి తోసెయ్యగలదు. చేతులతో దారి చూపే మార్షలర్ ఉంటే ఆయన కూడా ఐస్ మీదే నిలబడి ఉన్నాడని మర్చిపోకండి, మామూలు రోజుల కంటే చాలా దూరంలోనే ఆగండి. తిరుగుతున్న ప్రాప్ దగ్గరికి ప్యాసింజర్‌ని నడిపించడం ఎప్పుడూ తప్పే, ఐస్ మీద అయితే మరీను.

మొదటి పది అడుగులు

కదలగానే చెయ్యాల్సిన పని బ్రేక్ చెక్. ఎదర ఖాళీ ఉన్నప్పుడే, మనిషి నడక కంటే తక్కువ వేగంలో, రెండు బ్రేకులూ మెల్లగా నొక్కి చూడండి. ఎంతలో ఆగింది, నిటారుగా ఆగిందా, ఒక పక్కకి లాగిందా. రెండు పక్కలా పట్టు ఒకేలా లేకపోతే, అంటే ఒక చక్రం తారు మీద ఇంకోటి ఐస్ మీద ఉంటే, ముక్కు తిరుగుతుంది, అది మీకు తెలిసుండాలి. ఈ చెక్ ఒక్కసారితో సరిపెట్టకండి, నేల రంగు మారిన ప్రతిచోటా మళ్ళీ చేసుకోండి.

కదలడానికి మామూలు కంటే ఎక్కువ పవర్ అడుగుతోందంటే చక్రం గుంటలో ఉందనో స్నోలో కూరుకుందనో అర్థం. అప్పుడు థ్రాటిల్ ఇంకా తోస్తే ఒక్కసారిగా ఊడి ముందుకి దూకుతుంది, ముందున్నది ఐస్ అయితే ఇక ఆగదు. ఇంజిన్ ఆపి, దిగి, పార తెచ్చుకోండి.

కదిలాక దీనికి వ్యతిరేకం. ఐస్ మీద రాపిడి ఉండదు కాబట్టి 1000 ఆర్‌పీఎం దగ్గర కూడా విమానం మెల్లమెల్లగా వేగం పెంచుకుంటూ పోతుంది, గమనించకపోతే జాగింగ్ స్పీడ్ అయిపోతుంది. థ్రాటిల్ ఐడిల్ దాకా లాగండి, అది చాలకపోతే అప్పుడు బ్రేక్‌ని తాకి వదలండి, తాకి వదలండి. పవర్ పెట్టి బ్రేక్ తొక్కి ఉంచడం ఏ నేల మీదైనా చెడ్డ అలవాటు, ఇక్కడ ప్రమాదం. జెట్లలో ఇది ఇంకా ఎక్కువ, ఐడిల్ థ్రస్ట్‌కే విమానం పరుగెడుతుంది.

మెత్తటి స్నోలో వెళ్తుంటే యోక్, అంటే చేతిలోని కంట్రోల్ వీల్, మొత్తం వెనక్కి లాగి పట్టుకోండి, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, ప్రాప్ నేలకి కాస్త దూరంగా ఉంటుంది. గాలి వెనక నుంచి వస్తుంటే మాత్రం మామూలు గాలి పద్ధతే, యోక్ ముందుకి, ఏలరాన్, అంటే రెక్క చివర కదిలే పలక, గాలికి అవతల పక్కకి. ఎదర పక్క నుంచి గాలి వస్తే ఏలరాన్ గాలి వైపుకి. పొడి తారు మీద ఇది బద్ధకించినా గడిచిపోతుంది, ఐస్ మీద గడవదు, టైరు పట్టుకోనప్పుడు విమానాన్ని నేల మీద ఉంచేది ఈ కంట్రోల్సే.

మలుపులు, అసలు కష్టం ఇక్కడే

172 లో పెడల్స్‌తో ముందు చక్రం తిరిగేది ఇటు 10 డిగ్రీలు అటు 10 డిగ్రీలు, సుమారుగా అంతే. మీరు టైట్‌గా తిప్పేటప్పుడు చక్రం 30 డిగ్రీల దాకా వెళ్ళేది ఎందుకంటే లోపలి పక్క బ్రేక్ తొక్కుతారు కాబట్టి. ఐస్ మీద ఆ లోపలి చక్రం పట్టుకోదు, జారుతుంది, అంటే మీ చేతిలో మిగిలేది ఆ 10 డిగ్రీలే. అది కూడా ముందు టైరుకి పట్టుంటేనే. రోజూ సులువుగా తిరిగే టీ-హ్యాంగర్ మూల ఇవాళ తిరగదు. ఇది ముందే తెలిసి ఉంటే మలుపుని వెడల్పుగా తీసుకుంటారు, లేదా ఆ దారిలో వెళ్ళనే వెళ్ళరు.

వేగం తగ్గించే పని మొత్తం మలుపుకి ముందు నిటారుగా ఉన్న చోటే అయిపోవాలి. మలుపులో బ్రేక్ వెయ్యొద్దు, పవర్ మార్చొద్దు, ఒక్కసారిగా పెడల్ తన్నొద్దు. మెల్లగా మొదలుపెట్టి మెల్లగా తిప్పండి. పసుపు గీతలు వేసిన పెయింట్ మీద మామూలు తారు కంటే ఎక్కువ జారుతుంది, మలుపులో సెంటర్‌లైన్ మీద సరిగ్గా చక్రం పెట్టాలన్న పట్టుదల వదిలేసి కాస్త పక్కన నడిపినా పరవాలేదు, రెక్కలకి చోటుంటే.

ముక్కు తిరగకుండా విమానం నిటారుగా పోతూనే ఉందనుకోండి, మన కాలు చేసే మొదటి పని ఇంకా గట్టిగా తొక్కడం. దాంతో చక్రం ఇంకా అడ్డంగా తిరిగి నేలని గీరుకుంటూ పోతుంది, పట్టు అస్సలు దొరకదు. చెయ్యాల్సింది, థ్రాటిల్ ఐడిల్, పెడల్ కొంచెం వదలండి, ముందు చక్రం మళ్ళీ దొర్లడం మొదలుపెడుతుంది, అప్పుడు మళ్ళీ మెత్తగా అడగండి. పెద్ద జెట్లలో ముందు చక్రాన్ని తిప్పే టిల్లర్‌తో కూడా ఇదే సూత్రం, తిరగడం లేదని టిల్లర్ ఇంకా తిప్పితే నోస్‌వీల్ జారుతూనే ఉంటుంది. జారే నేల మీద ఒక్క ఇంజిన్‌తో టాక్సీ చెయ్యకపోవడమే మంచిదని అనేదీ ఇందుకే, ఒక పక్క తోపుని ముందు చక్రం ఆపలేదు.

గాలి గురించి ఇంకో మాట. రెక్కా తోకా ఉన్న ఏ వాహనమైనా గాలికి తెరచాపే. పక్క గాలిలో ఐస్ మీద వెళ్తుంటే తోకని గాలి తోసి ముక్కుని గాలివైపు తిప్పుతుంది, పొడి నేల మీద టైర్లు ఆపేవి, ఇక్కడ ఆపవు. గాలిని వెనకేసుకునే మలుపు అయితే తిరుగుతుండగానే వేగం పెరుగుతుంది, నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ మలుపే. టేకాఫ్‌కి మీ క్రాస్‌విండ్ లిమిట్ ఎంతో మీకు తెలుసు, టాక్సీకి కూడా ఒక లిమిట్ పెట్టుకోండి, ఐస్ ఉన్న రోజు అది ఇంకా చిన్నదిగా ఉండాలి.

జారుతూ ఏదో ఒకదానివైపు పోతోంది, ఆపడం కుదరట్లేదని తేలిపోతే, తగలకముందే మిక్చర్ లాగి ఇంజిన్ ఆపెయ్యండి. ఆగిపోయిన ప్రాప్‌తో తగలడం, తిరుగుతున్న ప్రాప్‌తో తగలడం ఒకటి కాదు, విమానానికీ కాదు, అక్కడున్న మనుషులకీ కాదు.

అంచులు కనపడనప్పుడు, గీతలు కప్పబడిపోయినప్పుడు

స్నో పడ్డాక టాక్సీవే ఎక్కడ అయిపోయి గడ్డి ఎక్కడ మొదలైందో తెలియదు, అంతా తెల్లగానే ఉంటుంది. నీలం రంగు అంచు లైట్లు మంచులో మునిగిపోవచ్చు, కొత్త ఎల్ఈడీ లైట్లు పాత బల్బుల్లా వేడెక్కవు కాబట్టి మీద పడ్డ మంచుని కరిగించుకోవు. ముందు వెళ్ళిన విమానం టైరు జాడలు ఉంటే బాగానే ఉంటుంది కానీ అవి ప్లౌ జాడలు కూడా అయ్యుండొచ్చు, ప్లౌ ఎక్కడికైనా వెళ్తుంది.

హోల్డ్ షార్ట్ గీతలు, అంటే రన్‌వేకి ముందు ఆగాల్సిన గీతలు, కప్పబడిపోవడం అన్నిటికంటే సీరియస్ విషయం. గీత కనపడలేదని రన్‌వే మీదకి వెళ్ళిపోతే అది మీతో పాటు దిగుతున్న వాళ్ళ ప్రాణాలకి కూడా ముప్పు. పక్కన ఎర్ర బోర్డు మీద తెల్ల అక్షరాలు ఉంటాయి, అది చూసి ఆగండి, మార్చి మార్చి వెలిగే పసుపు గార్డ్ లైట్లు ఉన్న చోట అవి చూసి ఆగండి. బోర్డుకి కూడా స్నో కొట్టేసి ఉంటే డయాగ్రమ్, జీపీఎస్ బొమ్మ దగ్గర పెట్టుకుని ఇంకా ముందే ఆగి టవర్‌ని అడగండి. ఎక్కడున్నారో అనుమానం రాగానే "రిక్వెస్ట్ ప్రోగ్రెసివ్ టాక్సీ" అనండి, ఒక్కో మలుపూ వాళ్ళే చెప్తారు. మన యాస వల్లో మొహమాటం వల్లో అడగడానికి వెనకాడేవాళ్ళని చూశాను, దయచేసి వెనకాడకండి, కంట్రోలర్‌కి అడిగే పైలట్ అంటేనే ఇష్టం. ఆగమన్న చోట ఆగడానికి కూడా ఐస్ మీద దూరం కావాలి, కాబట్టి హోల్డ్ షార్ట్ ఇంకా చాలా దూరం ఉండగానే దాదాపు ఆగిపోయే వేగానికి వచ్చెయ్యండి.

ప్లౌ తోసిన స్నో టాక్సీవే అంచుల్లో గుట్టలుగా ఉంటుంది. 172 రెక్క పైన ఉంటుంది కాబట్టి చిన్న గుట్టల మీదుగా పోతుంది, పైపర్ లాంటి లో-వింగ్ అయితే అదే గుట్ట రెక్కని పట్టుకుంటుంది. జెట్లకి రెక్క కింద వేలాడే ఇంజిన్‌తో బాధ. టాక్సీవే మొదట్లో అడ్డంగా మోకాలి ఎత్తు కూడా లేని చిన్న కట్టలాంటిది వదిలేసి పోతుంటాయి ప్లౌలు, మెత్తగా కనిపిస్తుంది, దాటేద్దాం అనిపిస్తుంది. దాటకండి, లోపల గట్టి ఐస్ ఉంటుంది. ఆగి, రేడియోలో చెప్పి, ప్లౌని పిలిపించండి. టవర్ లేని చిన్న ఎయిర్‌పోర్ట్‌లో ప్లౌ డ్రైవర్ సాధారణంగా అదే ఫ్రీక్వెన్సీ వింటూ ఉంటాడు, కానీ ఎదురుగా ఎగిరే స్నోలో ఆయనకి మీరు కనపడకపోవచ్చు, కదిలే ముందు కదులుతున్నానని చెప్పి, జవాబు వచ్చాక కదలండి.

ముందున్న జెట్‌కి దగ్గరగా వెళ్ళకండి

1982 జనవరి 13 న వాషింగ్టన్ నేషనల్‌లో ఎయిర్ ఫ్లోరిడా 90 విమానం కూలిపోయిన కథ టాక్సీ గురించి చదవాల్సిన మొదటి పాఠం అంటాను నేను. టేకాఫ్ తర్వాత కూలింది కాబట్టి టేకాఫ్ యాక్సిడెంట్ అని అనుకుంటారు, కానీ తప్పులు గేట్ దగ్గరే మొదలయ్యాయి. ఐస్ మీద టగ్ చక్రాలు జారి విమానాన్ని వెనక్కి తోయలేకపోతే రివర్స్ థ్రస్ట్ వేసి వెనక్కి రావాలని చూశారు, అలా చేస్తే లేచిన స్నో విమానం మీదే పడుతుంది. టాక్సీలో ముందున్న డీసీ-9 వెనక కావాలని దగ్గరగా నిలబడ్డారు, దాని వేడి గాలికి మంచు కరుగుతుందని. కరిగిన నీళ్ళు వెనక్కి పారి మళ్ళీ రెక్క మీదే గడ్డకడతాయి. ఇంజిన్ యాంటీ-ఐస్ ఆన్ చెయ్యలేదు, దాంతో సెన్సర్‌కి ఐస్ పట్టి పవర్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపించింది. డీ-ఐసింగ్, అంటే ఫ్లూయిడ్ చల్లి మంచు తీసెయ్యడం, అయ్యాక దాదాపు 50 నిమిషాలకి టేకాఫ్. పోటోమాక్ నది వంతెనకి తగిలి నదిలో పడింది, వంతెన మీద ఉన్న నలుగురితో కలిపి 78 మంది పోయారు.

కాబట్టి జెట్ వెనక వెళ్ళేటప్పుడు మామూలుగా వదిలే దూరం కంటే చాలా ఎక్కువ వదలండి. దాని గాలి మీ మీదకి స్లష్ చల్లుతుంది, అది కరిగించిన నేల మీరు వచ్చేసరికి మళ్ళీ నున్నగా గడ్డకట్టి ఉంటుంది, ఐస్ మీద నిలబడ్డ చిన్న విమానాన్ని ఆ గాలి తోసెయ్యగలదు కూడా. డీ-ఐసింగ్ ప్యాడ్ దగ్గర నేల మీద కారిన ఫ్లూయిడ్ కూడా జారుడే, అక్కడ మలుపు ఇంకా మెల్లగా.

స్లష్‌లోంచి టాక్సీ చెయ్యాల్సి వస్తే జెట్లలో చాలా కంపెనీలు ఫ్లాప్స్ వెంటనే దించనివ్వవు, టైర్లు చిమ్మిన స్లష్ ఫ్లాప్స్‌కి పట్టి గడ్డకడుతుందని రన్‌వే దగ్గరికి వచ్చాకే దించమంటాయి. దీంట్లో ఒక ఉచ్చు ఉంది, మామూలు చెక్‌లిస్ట్ వరుస మారింది కాబట్టి ఫ్లాప్స్ మర్చిపోయే ఛాన్స్ ఉంటుంది. వాయిదా వేసిన పనికి కళ్ళకి కనపడే గుర్తు ఏదో ఒకటి పెట్టుకోండి, చెక్‌లిస్ట్‌ని థ్రాటిల్ దగ్గర పెట్టడం లాంటిది.

రన్‌అప్

రన్‌అప్ అంటే టేకాఫ్‌కి ముందు పవర్ పెంచి ఇంజిన్ చెక్ చేసుకోవడం. 172 ని 1800 ఆర్‌పీఎం దగ్గర ఐస్ మీద బ్రేకులు ఆపలేవు, చక్రాలు లాక్ అయ్యి విమానం జారుతూ పోతుంది, మీరేమో తల దించి మాగ్నెటో డ్రాప్ చూస్తుంటారు. దారిలో పొడి తారు ముక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ, గ్రౌండ్ కంట్రోలర్‌కి చెప్పి, రన్‌అప్ చేసుకోండి, రన్‌అప్ ఏరియాలోనే చెయ్యాలని లేదు. ఇసుక చల్లిన చోట మాత్రం వద్దు, ప్రాప్ ఆ ఇసుకని పీల్చి అంచులు తినేసుకుంటుంది. ఎయిర్‌పోర్ట్‌లో రోడ్ల మీద వేసే ఉప్పు వాడరు, అది విమానం లోహాన్ని తినేస్తుంది, అందుకే పొటాషియం అసిటేట్ లాంటి వేరే కెమికల్స్, ఇసుక వాడతారు. ఎక్కడా పొడి చోటు దొరక్కపోతే ముక్కు గాలికి పెట్టి, ఎదర బోలెడంత ఖాళీ ఉంచుకుని, ఇన్‌స్ట్రక్టర్ ఒకరు బయటే చూస్తూ ఇంకొకరు గేజ్‌లు చూస్తూ చెయ్యాలి. ఒక్కరే ఉండి, పొడి చోటు లేకపోతే, నా మాట విని వెనక్కి తిరిగి వచ్చెయ్యండి.

కొన్ని జెట్ ఇంజిన్లకి మంచులో ఆగి ఉన్నప్పుడు ఫ్యాన్ మీది ఐస్ రాలడానికి మధ్యమధ్యలో పవర్ పెంచాలి, 737 లాంటి వాటిలో అరగంట మించకుండా చెయ్యాలని ఉంటుంది. అక్కడ కూడా ఇదే చిక్కు, పవర్ పెంచితే జారుతుంది, కాబట్టి వెనక ఎవరున్నారో, కింద ఏముందో చూసుకునే చెయ్యాలి.

దిగాక

దిగగానే మనసు రిలాక్స్ అవుతుంది, అక్కడే చాలామంది జారిపోతారు. రన్‌వే మీద ప్లౌలూ బ్రష్‌లూ తిరిగాయి కాబట్టి బ్రేక్ బాగానే పట్టింది, ఎగ్జిట్ దగ్గర అదే పట్టు ఉంటుందనుకుని వేగంతో తిరిగితే ఎగ్జిట్ మొత్తం ఐస్. హై-స్పీడ్ ఎగ్జిట్ ఉన్నా సరే, రన్‌వే మీదే నడక వేగానికి వచ్చాక తిరగండి. వెనకవాళ్ళు దిగుతున్నారు త్వరగా ఖాళీ చెయ్యమని టవర్ అంటే "అనేబుల్", కుదరదు, అనే హక్కు మీకుంది, వాళ్ళు వెనకవాళ్ళ చేత గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవడం, చేయించుకుంటారు. స్లష్‌లో దిగితే ఫ్లాప్స్ వెంటనే ఎత్తకండి, ఇరుక్కున్న ఐస్‌తో ఎత్తితే వంగుతాయి, పార్క్ చేసి చూసి శుభ్రం చేశాక ఎత్తండి.

పార్కింగ్‌లో విమానాన్ని నీళ్ళు నిలవని చోట పెట్టి, ఇంజిన్ ఆపి, చక్రాలకి అడ్డంగా చాక్స్ పెట్టి, పార్కింగ్ బ్రేక్ తీసెయ్యండి, తడిసిన బ్రేకులు వేసి ఉంచితే పొద్దునకి డిస్క్‌కి అతుక్కుంటాయి. తాళ్ళు కట్టండి, ఐస్ మీద చాక్స్ కూడా జారతాయి.

ఇంకో పని మిగిలింది, దాన్ని మాత్రం ఎగ్గొట్టకండి. దారిలో ఎక్కడ జారిందో గ్రౌండ్‌కి చెప్పండి, టవర్ లేకపోతే ఎయిర్‌పోర్ట్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఊరికే "జారుతోంది" అనకుండా చోటు, ఏం పేరుకుందో, బ్రేక్ ఎలా ఉందో, మీది ఏ విమానమో చెప్పాలి, "టాక్సీవే బ్రావో, హ్యాంగర్ల ముందు, ఐస్, బ్రేకింగ్ పూర్, స్కైహాక్" అన్నట్టు, స్కైహాక్ అంటే 172 నే. మీ వెనక దిగుతున్నవాళ్ళు ఆ మలుపులోకి వచ్చేలోపే ఆ మాట వాళ్ళకి చేరాలి, కాబట్టి పార్క్ చేసి టీ తాగాక కాదు, రన్‌వే దాటి ఆగిన వెంటనే చెప్పండి.